‘డెఫినెట్లీ మేబీ’ని కాపీ ఆల్బమ్ అనవచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన రాక్ బృందం ఒయాసిస్ 1994లో తెచ్చిన తొలి ఆల్బమ్ ‘డెఫినెట్లీ మేబీ’ మీకు విపరీతంగా నచ్చింది. ఆ తరువాత ఈ పాట టి. రెక్స్ బృందానిది, ఆ స్వరాలు బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌వి అంటూ పక్కపక్కన పెట్టి వినిపించే వీడియోలు చూశారు. నచ్చిన పాటలే ఇప్పుడు దొంగసొత్తులా వినిపిస్తున్నాయి. మీ నలుగురి బృందం కూడా తొలి ఆల్బమ్ రికార్డు చేయబోతోంది. మీ పాటల్లోనూ మీకు ఇష్టమైనవాళ్ళ నీడలు కనిపిస్తున్నాయి. వాటిని చెరిపేయాలా, ఉంచాలా, ఉంచితే ఎక్కడిదాకా చూపించాలి అని అడిగారు.

ఉంచండి. కానీ ఏది ఉంచుతున్నారో తెలిసి ఉంచండి. ముప్పై ఏళ్ళుగా గిటార్ వాయిస్తూ, అందులో ఇరవై ఏళ్ళు నేర్పుతూ, ఈ ఆల్బమ్‌ను లెక్కలేనన్ని సార్లు విప్పి మళ్ళీ బిగించిన అనుభవంతో చెబుతున్నాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని రాక్ ఆల్బమ్ నాకు ఇంతవరకూ తారసపడలేదు. బీటిల్స్ 1963 నాటి తొలి ఆల్బమ్‌లో 14 పాటలుంటే అందులో ఆరు ఇతరులు రాసినవే. ఒయాసిస్ విషయంలో విశేషం ఏమిటంటే, వాళ్ళు తీసుకున్నది అందరికీ కనబడేలా వీధి అరుగు మీద పెట్టారు.

ఆ బృందం పేరే తెచ్చుకున్న పేరు. ఒయాసిస్ పాటలు రాసి గిటార్ వాయించిన నోయెల్ గాలాగర్ ఒకప్పుడు ఇన్‌స్పైరల్ కార్పెట్స్ అనే బృందానికి వాద్యాలు మోసి, అమర్చే సహాయకుడిగా పనిచేశాడు. ఇంట్లో గోడ మీద ఆ బృందం పర్యటన పోస్టరు ఉండేది. అందులోని వేదికల జాబితాలో స్విండన్ పట్టణపు ‘ఒయాసిస్’ ప్రాంగణం పేరు ఉంది. బృందం గాయకుడైన అతని తమ్ముడు లియమ్ దాన్నే తీసుకున్నాడు. అంతకుముందు బృందం పేరు ‘ది రెయిన్’, అదీ బీటిల్స్ పాట పేరును గుర్తుచేసేదే.

ఇక పాటల్లోకి వస్తాను. మీరు ముందుగా ప్రస్తావించిన ‘సిగరెట్స్ అండ్ ఆల్కహాల్’తో మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడ విషయం చేతివేళ్ళతో తెలుస్తుంది.

గిటార్ మీద ‘ఈ’ (E) స్వరాన్ని ఆధార షడ్జమంగా పెట్టుకుని, కింది రెండు తీగలు మాత్రమే మీటుతూ, ఒక వేలిని పంచమం నుంచి చతుశ్రుతి ధైవతం దాకా చాచి మళ్ళీ వెనక్కి తీసుకోండి. ప-ప-ధ-ధ, ప-ప-ధ-ధ. కొత్తగా నేర్చుకునేవారికి కూడా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. దాన్ని బద్ధకంగా, నడుము ఊపుతున్నట్టు వాయిస్తే టి. రెక్స్ 1971లో తెచ్చిన ‘గెట్ ఇట్ ఆన్’ పొలిమేరలకు చేరతారు. కాస్త వేగం పెంచి వెనక ఒక పియానోను ఊహించుకుంటే అమెరికన్ రాక్ అండ్ రోల్ గిటారిస్టు చక్ బెర్రీ 1959 నాటి ‘లిటిల్ క్వీనీ’. యాంప్ (గిటార్ ధ్వనిని పెంచే పెట్టె) గొంతు చించుకునేలా పెంచి, ప్రతి మీటునూ సుత్తిదెబ్బలా మోపితే ఒయాసిస్. చక్ బెర్రీ కూడా దీన్ని గాలిలోంచి పట్టుకోలేదు. బూగీ-వూగీ పియానో వాద్యకారుల ఎడమచేతి నడకను గిటార్ మీదికి దించాడు. అతని పక్కన జానీ జాన్సన్ అనే గొప్ప పియానో కళాకారుడు కూర్చునేవాడు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే నోయెల్‌ను వెనకేసుకొచ్చినట్టు అవుతుంది. నిజం చెప్పాలి. నోయెల్ తీసుకున్నది ఆ సాధారణమైన నడక ఒక్కటే అయితే ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆ నడకకు టి. రెక్స్ గాయకుడు మార్క్ బోలన్ ఇచ్చిన ప్రత్యేకమైన మలుపు, ఆ విరుపు, ఆ ఊపు ఉన్నాయే, వాటినే తీసుకున్నాడు. పాట మొదలైన రెండు క్షణాల్లో అది బోలన్ పలుకని తెలిసిపోతుంది. తెలియాలనే నోయెల్ ఉద్దేశం కూడా.

అయితే ఆ పలుకు మీద ఏం కూర్చోబెట్టారో వినండి. బోలన్ పాట ఒక అమ్మాయితో సరసం. ఒయాసిస్ పాట మాంచెస్టర్ శివారులో పని లేని కుర్రవాడి గొంతు: ఆశపడదగ్గది ఏదీ కనిపించనప్పుడు ఉద్యోగం వెతుక్కోవడం దేనికని అడుగుతుంది. గాలాగర్ సోదరులు పెరిగిన బర్నేజ్ ప్రాంతంలో 1980లలో నిరుద్యోగ భృతి మీద బతికినవాళ్ళు ఎందరో. ఆ కోపాన్ని లియమ్ ‘సన్‌షైన్’ అనే ఒక్క మాటను సాగదీసి, వంచి, పళ్ళ మధ్య నలిపి పలికే తీరులో వినవచ్చు. ఆ సాగదీత బోలన్‌లో లేదు, బీటిల్స్‌లోనూ లేదు. బీటిల్స్‌లో పాడిన జాన్ లెనన్ ముక్కుగొంతు, సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ ఎకసెక్కం రెండూ విని పెరిగినవాడి గొంతు అది. రెండింటినీ అరువు తెచ్చుకున్నాడనే అనండి. ఆ రెండూ ఒకే నోట్లో కలిసిన చోటు మాత్రం అతనిదే. నేను ఈ పాటను ఆల్బమ్‌లోకెల్లా నిజాయితీ గలదిగా లెక్కిస్తాను.

‘షేకర్‌మేకర్’ దగ్గర నాకు అంత సానుభూతి లేదు. 1971లో కోకా-కోలా ప్రకటన కోసం కట్టిన బాణీ ఒకటుంది. ప్రపంచానికంతటికీ పాట నేర్పాలనుంది అనే అర్థంలో సాగుతుంది. దాన్ని ది న్యూ సీకర్స్ బృందం పూర్తి పాటగా పాడితే 1972 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ‘షేకర్‌మేకర్’ చరణం బాణీ దాదాపుగా అదే. తొలిరోజుల్లో వేదిక మీద ఆ పాత పాట మాటలు కూడా పాడేవారు. వ్యవహారం న్యాయవాదుల దాకా వెళ్ళింది. ఐదు లక్షల డాలర్లకు పరిష్కారమైందని పత్రికలు రాశాయి.

నా అభ్యంతరం డబ్బు గురించి కాదు, పాట గురించి. ‘సిగరెట్స్’లో అరువు పలుకు గుమ్మం మాత్రమే, లోపలికి వెళ్తే ఇల్లు వాళ్ళది. ‘షేకర్‌మేకర్’లో బాణీయే అరువుది, కాబట్టి పాడేవాడికి నిలబడడానికి సొంత నేల మిగల్లేదు. మాటలన్నీ చిన్ననాటి బొమ్మలు, టీవీ ప్రకటనల పేర్లు. షేకర్ మేకర్ అన్నదే 1970లలో పిల్లలు ఆడుకున్న బొమ్మల అచ్చు. అయినా ఆ చివరి చరణంలో ఒక మాట ఉంది, దానికోసం ఈ పాటను ఎన్నిసార్లైనా వింటాను. పదహారేళ్ళప్పుడు తనకు పాటలు అమ్మిన సిఫ్టర్ అనే పెద్దమనిషిని నోయెల్ తలచుకుంటాడు. సిఫ్టర్స్ అనేది వాళ్ళ ఇంటి చుట్టుపక్కల ఉన్న పాత రికార్డుల దుకాణం. తన సరుకు ఎక్కడ కొన్నాడో ఆ దుకాణం పేరుతో సహా పాటలో చెప్పేశాడు. మీరు అడిగిన ‘ప్రభావాన్ని ఎక్కడిదాకా చూపించాలి’ అనే ప్రశ్నకు ఇంతకంటే సూటైన జవాబు నాకు కనిపించలేదు.

‘సూపర్‌సోనిక్’ కథ వేరు. గిటార్ విడిగా పలికే చోట జార్జ్ హారిసన్ 1970 నాటి ‘మై స్వీట్ లార్డ్’ జాడ తెలుస్తుంది. ఇక్కడ మీకు ఒక పాత కేసు చెప్పాలి, ఎందుకంటే మన సంగీత పరిచయం ఉన్నవారికి అది ప్రత్యేకంగా అర్థమవుతుంది. ఆ ‘మై స్వీట్ లార్డ్’ మీదనే కేసు నడిచింది. ది షిఫాన్స్ 1963లో పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీని హారిసన్ తీసుకున్నాడన్నది ఆరోపణ. 1976లో న్యూయార్క్ న్యాయస్థానం, హారిసన్ కావాలని చేయకపోయినా అతని అంతశ్చేతనలోంచి ఆ బాణీ వచ్చిందని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి రెండు చిన్న స్వరగుచ్ఛాలను వేరుచేసి చూపాడు. మన స్వరాల్లో రాస్తే మొదటిది ప-గ-రి, రెండవది ప-ధ-స-ధ-స. గమనించారా, అన్నీ మోహన రాగపు స్వరాలే. మోహనం పాడేవారెవరికైనా ఈ గుచ్ఛాలు రోజూ నోట్లో ఆడేవే. విడివిడిగా అవి ఎవరి సొత్తూ కావని ఆ న్యాయమూర్తి కూడా ఒప్పుకున్నాడు. కానీ మొదటి గుచ్ఛం ఇన్నిసార్లు, వెంటనే రెండవది ఇన్నిసార్లు, అదే వరసలో, అవే కార్డుల (కలిపి పలికే స్వరాల గుంపుల) మీద వస్తే అది ఒక పాటకు గుర్తింపు అవుతుంది.

రాగం అందరిదీ, కీర్తన ఒకరిది అని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. మీ పాటలను కొలవడానికి ఇదే కొలబద్ద సరిపోతుంది. కార్డుల వరస, తాళపు నడక, గిటార్ నాదం, ఇవి రాగం వంటివి. మీకిష్టమైనవారి దగ్గర నిశ్చింతగా నేర్చుకోండి. వినగానే ఫలానా పాట అని చెప్పగలిగే వరస మాత్రం కీర్తన వంటిది. దానికి యజమాని ఉంటారు.

‘లివ్ ఫరెవర్’ మాట వేరే. రోలింగ్ స్టోన్స్ 1972 నాటి ‘షైన్ ఎ లైట్’ పాటలో ఒక పంక్తి ఎత్తుకునే తీరు నుంచి ఇది పుట్టిందని నోయెల్ స్వయంగా చెప్పాడు. రెండు పాటల్లోనూ ఆ పంక్తి ‘మే’ అనే అక్షరంతోనే మొదలవుతుంది. అతను చెప్పకపోతే నేను ఎన్నటికీ కనిపెట్టేవాణ్ణి కాదు. ఒక్క అక్షరం మీద గొంతు పైకి లేచే తీరును విత్తనంగా తీసుకుని, మరో చెట్టు పెంచాడు. ఆ పాట 1991 నాటిది. అప్పుడు అతను ఒక నిర్మాణ సంస్థలో పనిచేస్తూ పాదానికి దెబ్బ తగిలి సామాను గదికి మారాడు. అక్కడి ఖాళీ వేళల్లో పాటలు రాసుకున్నాడు. 1994 ఆగస్టులో అది విడుదలైనప్పుడు కవరు మీద లివర్‌పూల్‌లో జాన్ లెనన్ పెరిగిన ఇంటి ఫొటో వేశారు. రుణం ఎంత చిన్నదైనా, పెద్దదైనా కవరు మీద రాసుకునే మనస్తత్వం వాళ్ళది.

ఆల్బమ్ కవరూ అంతే. గిటార్ వాయించే బోన్‌హెడ్ ఇంటి ముందుగదిలో తీసిన ఫొటో అది. గదిలో ఒక మూలన స్వరకర్త బర్ట్ బకరాక్ చిత్రం ఆనించి ఉంటుంది. నోయెల్ ఆరాధించే బాణీకారుల్లో బకరాక్ ఒకడు. ఇలా చిత్రాన్ని ఒక మూలన పెట్టడం పింక్ ఫ్లాయిడ్ పాత ఆల్బమ్ ఒకదానికి చేసిన నమస్కారం కూడా.

ఇప్పుడు మీరు తప్పకుండా చేయవలసిన పని చెబుతాను. ఈ ఆల్బమ్ ముప్పై ఏళ్ళ సందర్భంగా 2024లో వచ్చిన ప్రత్యేక సంచికలో, పక్కన పడేసిన రికార్డింగులు కూడా చేర్చారు. వాటిని వినండి. 1994 ఆరంభంలో ఒయాసిస్ మొదట వేల్స్‌లోని మోనో వ్యాలీ స్టూడియోలో రికార్డు చేసింది. ఒక్కో వాద్యాన్ని విడదీసి, శుభ్రంగా, జాగ్రత్తగా చేశారు. పాటలు అవే, అరువు స్వరాలు అవే, గాయకుడూ అతనే. అయినా ప్రాణం లేదు. వాళ్ళే దాన్ని పక్కన పెట్టారు, ‘స్లైడ్ అవే’ ఒక్కటి మిగిలింది. తరువాత కార్న్‌వాల్‌లోని సామిల్స్ స్టూడియోలో, వేదిక మీద వాళ్ళ ధ్వని చూసుకునే మార్క్ కోయిల్ ఆధ్వర్యంలో, అందరూ ఒకే గదిలో నిలబడి ఒక్కసారిగా వాయించారు. అదీ పూర్తిగా కుదరలేదు. చివరికి ఓవెన్ మోరిస్ అనే ధ్వని ఇంజనీరు నోయెల్ పొరలు పొరలుగా పేర్చిన గిటార్లలో చాలావాటిని తీసేసి, మిగిలినదాన్ని గోడలా నొక్కి పెట్టాడు. ఆగస్టు 29న మనకు అందింది అదే. మొదటి వారంలోనే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటివరకూ అక్కడ అంత వేగంగా అమ్ముడైన తొలి ఆల్బమ్ లేదు.

నేను దీని మీద ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. అరువు సొమ్ముతోనే ఆల్బమ్ గొప్పదైతే మోనో వ్యాలీ రికార్డింగు కూడా గొప్పదే అవ్వాలి కదా? ఆ రెంటినీ వెంటవెంటనే వినిపించినప్పుడు నా విద్యార్థుల ముఖాలు మారడం ప్రతిసారీ చూశాను. బోలన్ పలుకు రెండింట్లోనూ ఉంది. ఒకదానిలో అది ఉదాహరించినట్టు ఉంటుంది, మరొకదానిలో అవసరమై అరిచినట్టు ఉంటుంది. టోనీ మెకారల్ డ్రమ్స్ మీద ఒక్క అలంకారమూ లేకుండా మోదుతాడు. బోన్‌హెడ్ నిండు కార్డులు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా గీకుతూ పోతాడు. గిటార్ పాఠాల్లో దీన్ని ఎవరూ మెచ్చుకోరు. ఆ పాటలు నిలబడింది వీళ్ళిద్దరి మీదే.

దాచినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పోలిక పూర్తికాదు. లెడ్ జెప్పెలిన్ బృందం 1969 నాటి తొలి ఆల్బమ్ నాకు ప్రాణం. అందులో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాటలు రెండు అతని పేరుతోనే ఉన్నాయి. కానీ ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ పాటకు ఆ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ ఒక్కడి పేరే వేశారు. ఆ పాటను అదే పేరుతో 1967లో రాసి పాడినవాడు జేక్ హోమ్స్. పేజ్ అప్పుడు వాయిస్తున్న యార్డ్‌బర్డ్స్ బృందానికి ముందు న్యూయార్క్‌లో అదే వేదిక మీద హోమ్స్ పాడాడు. 2010లో అతను దావా వేసిన తరువాత, వ్యవహారం రాజీతో ముగిశాక, హోమ్స్ ప్రేరణతో అన్న మాట చేరింది. ‘బేబ్, ఐయామ్ గోన్నా లీవ్ యూ’ను జానపదంగా చూపారు, అది ఆన్ బ్రెడన్ రాసిన పాట. ఆమె పేరు చేరడానికి 1990 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు ఒక మనిషి పేరు తన పాట మీద లేకుండా పోయింది. సంగీతం ఎంత అద్భుతమైనదైనా ఇది తప్పే, నేను ఆ ఆల్బమ్ వినే ప్రతిసారీ ఈ సంగతి గుర్తొస్తుంది.

ఎలాస్టికా బృందం మరోలా చేసింది. 1995 తొలి ఆల్బమ్‌లోని ‘కనెక్షన్’ మొదలయ్యే పలుకు వైర్ బృందం పాట ‘త్రీ గర్ల్ రుంబా’ది, ‘వేకింగ్ అప్’ ది స్ట్రాంగ్లర్స్ పాట ‘నో మోర్ హీరోస్’ను తలపిస్తుంది. ఆల్బమ్ విడుదలకు ముందే రెండూ కోర్టు బయట పరిష్కారమయ్యాయి. ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది.

నోయెల్ కూడా పాఠం నేర్వక తప్పలేదు. ఒయాసిస్ తొలి ఆల్బమ్ తరువాత 1994 డిసెంబర్‌లో వచ్చిన ‘వాటెవర్’ పాట ఆరంభపు వరస నీల్ ఇన్స్ అనే పాటల రచయిత పాత పాటది. ఇన్స్‌కు సహరచయితగా పేరు దక్కింది. ఆ ఇన్స్‌కే అంతకుముందు బీటిల్స్ శైలిని అనుకరించి ది రట్‌ల్స్ అనే హాస్య బృందం కోసం కట్టిన పాటల హక్కుల్లో బీటిల్స్ ప్రచురణకర్తలకు వాటా ఇవ్వవలసి వచ్చింది. 

మనకు ఇది కొత్తేమీ కాదు. మీ ఇంట్లో పాత భజన పాటల పుస్తకమో నాటకాల పాటల పుస్తకమో ఉంటే తెరిచి చూడండి. పాట పైన చిన్న అక్షరాల్లో ‘ఫలానా పాట వరుస’ అని అచ్చు వేసి ఉంటుంది. ముత్తుస్వామి దీక్షితులవారు ‘గాడ్ సేవ్ ది కింగ్’ బాణీకి ‘సంతతం పాహిమాం’ అని సంస్కృత సాహిత్యం కూర్చారు. అటువంటివాటికి నోటు స్వరాలనే పేరు పెట్టి, ఎక్కడివో తెలిసేలా పాడుకున్నాం. ఆ చిన్న అక్షరాల పంక్తి నాకు చాలా ఇష్టం. ఒయాసిస్ ఆల్బమ్ అంతా ఆ పంక్తిని పెద్ద అక్షరాల్లో వేసుకున్నట్టు ఉంటుంది.

మీ ఆల్బమ్ గురించి ఆచరణలో రెండు మూడు సంగతులు. పాటలు పూర్తయ్యాక, స్టూడియోకు వెళ్ళకముందే, మీ బృందంతో పరిచయం లేని పాతకాలపు శ్రోత ఒకరికి వినిపించండి. వాళ్ళు ఒక పాట పేరు చెబితే అది ప్రభావమా, బాణీయా అని విడదీసుకోండి. గొంతు పాడే వరస ఏడెనిమిది స్వరాల పొడవున కలిసిపోతే మార్చండి, లేదా విడుదలకు ముందే అనుమతి అడిగి పేరు వేయండి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. కాబట్టి పాత పాటే కదా అనుకోవడానికి వీల్లేదు. ఆల్బమ్‌తో ఇచ్చే కాగితంలో, లేదా మీ పేజీలో, ఎవరెవరి దగ్గర ఏమేం నేర్చుకున్నారో రాయండి. ఆ రాతతో చట్టపు బాధ్యత తీరదు, కానీ వినేవారికి ఆ పాతవారి దాకా దారి దొరుకుతుంది. నేను 1996లో ఒక స్నేహితుడు తెచ్చిన క్యాసెట్‌లో ఒయాసిస్ విని, వాళ్ళ వల్లే టి. రెక్స్ దాకా, అక్కడినుంచి చక్ బెర్రీ దాకా వెళ్ళాను.

ఈ రాత్రికి మూడు పాటలను ఈ వరసలో వినండి: ‘సిగరెట్స్ అండ్ ఆల్కహాల్’, ‘గెట్ ఇట్ ఆన్’, ‘లిటిల్ క్వీనీ’. రెండవ పాటను చివరి క్షణం దాకా ఆపకండి. బోలన్ ముందునుంచీ చక్ బెర్రీ పాటనే తనదైన తీరులో చేయాలనుకున్నాడు. పాట సద్దుమణుగుతుండగా, ధ్వని తగ్గిపోతున్న ఆ చివర్లో, ‘లిటిల్ క్వీనీ’లోని ఒక పంక్తిని తనలో తాను అనుకున్నట్టు మెల్లగా పలుకుతాడు. ఆ వెంటనే మూడవ పాట పెట్టండి, ఆ పంక్తి అసలు చోటు మీకే వినిపిస్తుంది.